పెద్దలు కలిసే చోట ముందు కుర్చీలు చూడండి

సంపాదకులకు నమస్కారం.

వయసు పైబడినవారి కోసం ఏదైనా చేద్దామని నలుగురూ అనుకోగానే మొదట ఒక గది వెతుకుతారు. అందులో ఒక టీవీ, రెండు మూడు పత్రికలు, ఒక క్యారమ్ బోర్డు, గోడవారగా వరుసగా కుర్చీలు. ప్రారంభం రోజు గది నిండుతుంది. కొన్నాళ్లకు తాళం తీసేవారు కూడా కరువవుతారు. "పెద్దవాళ్లు రారండీ, వాళ్లకు ఆసక్తి ఉండదు" అని తేల్చేస్తారు. ఆ మాట తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం. ఇంట్లో కూర్చుని ఉన్న మనిషిని తీసుకొచ్చి ఇంకోచోట కూర్చోబెడితే ఆ మనిషికి ఒరిగేది ఏముంది? ఆ సంగతి నిర్వాహకుల కన్నా ముందు వచ్చినవారికే తెలుస్తుంది. అందుకే మానేస్తారు.

2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు 60 ఏళ్లు దాటినవారే ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఉద్యోగం నుంచి దిగిపోయాక చాలామందికి ఇరవై ఏళ్ల జీవితం మిగిలి ఉంటోంది. ఒక పిల్లవాడు బడిలో చేరి, చదువు ముగించి, పనిలో కుదురుకునేంత కాలం అది. అంత కాలాన్నీ 'కాలక్షేపం' అనే ఒక్క మాటలో చుట్టేయడం మాకు బాధగా ఉంటుంది.

ఈ ఇరవై ఏళ్లలో మనిషి తన పని తాను చేసుకుంటాడా, ఇంకొకరి చేయి పట్టుకుని లేస్తాడా అన్నది చాలావరకు తొడ కండల మీద ఆధారపడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలను పది రోజుల పాటు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. ఆ పది రోజుల్లోనే వారి కాళ్లలో కండ దాదాపు కిలో తగ్గింది. జ్వరమో, ఆపరేషనో వచ్చి పది రోజులు పడుకున్న పెద్దాయన ఆ తర్వాత "కాళ్లు నావి కావనిపిస్తోంది" అంటే అది నీరసం మాట కాదు, నిజంగానే కండ కరిగింది. అయితే పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. 1990లో అచ్చయిన మరో అధ్యయనంలో 90 ఏళ్ల వయసువారు, అదీ సంరక్షణ గృహంలో ఉంటున్న బలహీనులు, ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేశారు. వారి తొడల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. ఇంకా ఏ వయసువారిని పట్టుకుని "ఇక ఏం లాభంలే" అనగలం?

"రోజూ వాకింగ్ చేస్తున్నాం కదా" అని చాలామంది అంటారు. మంచిదే, మానవద్దు. కానీ 65 దాటినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినవి మూడు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు నడక లాంటి శ్రమ, వారానికి కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం, కనీసం మూడు రోజులు తూలకుండా నిలబడే సాధన. మన దగ్గర జరిగేది మొదటిదొక్కటే. చదునైన దారిలో నడిస్తే గుండెకు, ఊపిరితిత్తులకు మేలు, తొడ కండకు మాత్రం పెద్దగా పని పడదు. పైగా పెద్దలు పడేది తిన్నగా నడిచేటప్పుడే కాదు. పిలిస్తే గిరుక్కున తిరిగినప్పుడు, రాత్రి మంచం దిగినప్పుడు, పక్కకు అడుగు వేయాల్సి వచ్చినప్పుడు పడతారు. ఆ అడుగును నడక నేర్పదు.

ఇక కుర్చీల సంగతి. సోఫాలు, కుషన్లు దిగబడే మెత్తటి కుర్చీలు ఎవరో దానం ఇస్తారు, గదికి అందం వస్తుంది. వాటిలో కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా పైకి వస్తాయి. అక్కడి నుంచి లేవాలంటే తొడలకు ఎక్కువ కష్టం, మోకాళ్లకు నొప్పి. ఒకసారి లేవలేక ఇబ్బంది పడి, పక్కవాళ్లు చంకల కింద చేతులు వేసి లేపితే, ఆ మనిషి మళ్లీ ఆ గడప తొక్కరు. కూర్చునే చోటు నేల నుంచి 43 నుంచి 46 సెంటీమీటర్లు ఉండాలి, గట్టిగా ఉండాలి, సగం కుర్చీలకైనా చేతులు ఉండాలి. చక్రాలవి వద్దు. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీలు నున్నటి టైల్స్ మీద వెనక్కి జారిపోతాయి కాబట్టి వాటి వీపు గోడకు ఆనించే వాడాలి. పొడవైనవారి కోసం నాలుగైదు ఎత్తు కుర్చీలు ఉంచుకోవాలి. కొనేముందు టేపు తీసి కొలవండి, కంటి అంచనా పనికిరాదు.

ఆ కుర్చీనే వ్యాయామశాల చేసుకోవచ్చు. లేచి కూర్చోవడానికి మించిన వ్యాయామం పెద్దలకు మేం చూపించలేం. ఎలాగో వివరంగా రాస్తాం, ఎందుకంటే నూటికి తొంభై తరగతుల్లో దీన్ని హడావిడిగా కానిచ్చేస్తారు.

ముందు కుర్చీ అంచు దాకా జరగాలి. పాదాలు తుంటి వెడల్పున పెట్టి, మడమలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి వచ్చేలా లాక్కోవాలి. పాదం పూర్తిగా నేలకు ఆనాలి. చేతులు ఛాతీ మీద కత్తెరలా వేసుకోవాలి. నడుము వంచకుండా తుంటి దగ్గర నుంచి ముందుకు వంగాలి. ముక్కు కాలి బొటనవేళ్ల మీదికి వచ్చేదాకా వంగాలి. అప్పుడు మడమలతో నేలను తొక్కుతూ, ఊపిరి వదులుతూ లేవాలి. నిటారుగా నిలబడి రెండు అంకెలు లెక్కపెట్టాలి. కూర్చునేటప్పుడు మాత్రం నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. అసలు ఫలం ఈ దిగడంలోనే ఉంది. బరువును ఆపుకుంటూ దిగే కండే మెట్లు దిగేటప్పుడు మనిషిని కాపాడుతుంది.

ఇక్కడ జరిగే తప్పులు ఎప్పుడూ అవే. పాదాలు ముందుకు చాపి ఉంచి లేవబోతారు, బరువు వెనక్కే ఉండిపోయి ధబ్బున కుర్చీలో పడతారు. ఒళ్లు ఊపి ఆ ఊపుతో లేస్తారు, అప్పుడు కండ పని చేయదు. మోకాళ్లు లోపలికి వాలిపోతాయి, వాటిని కాలివేళ్ల వరుసలోనే ఉంచమనాలి. అన్నింటికన్నా ప్రమాదం ఊపిరి బిగబట్టడం, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. దీనికి తేలిక విరుగుడు ఉంది. గట్టిగా నోటితో అంకెలు చెబుతూ చేయించండి, మాట్లాడేవాడు ఊపిరి బిగబట్టలేడు.

చేతులు ఆనించకుండా లేవలేనివారికి గట్టి దిండు వేసి కుర్చీ ఎత్తు పెంచాలి. లేదా మొదట రెండు చేతులు, కొన్ని వారాలకు ఒక చేయి, ఆ తర్వాత వేలి కొసలు ఆనించనివ్వాలి. ఎనిమిది నుంచి పది సార్లు, రెండు నిమిషాల విరామం, మళ్లీ అంతే. మధ్యలో ఒక రోజు వదిలి వారానికి రెండు మూడు రోజులు. పదేసి సార్లు రెండు విడతలు అలవోకగా వస్తున్నాయంటే కష్టం పెంచే సమయం వచ్చినట్టు. కిలో బరువున్న సంచిని గుండెకు హత్తుకుని లేవమనండి, లేదా దిగేటప్పుడు ఆరు లెక్కపెట్టమనండి. మొదటి వారం చేసిందే ఏడాది తర్వాతా చేయిస్తూ, "వ్యాయామం వల్ల ఏమీ రాలేదు" అనే తరగతులు చాలా ఉన్నాయి. మర్నాడు తొడలు బరువుగా, కాస్త నొప్పిగా ఉంటే భయం లేదు, రెండు రోజుల్లో పోతుంది. కీలులో సూదిలా పొడిచే నొప్పి వస్తే మాత్రం కుర్చీ ఎత్తు పెంచాలి. అప్పటికీ తగ్గకపోతే ఆపి డాక్టరుకు చూపించాలి.

ఎవరి బలం ఎంతో తెలియడానికి ఇదే కొలత. చేతులు ఛాతీ మీద వేసుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడ్డారో లెక్కపెట్టాలి. చేయి ఆనిస్తే లెక్క సున్నా. 65 నుంచి 69 ఏళ్ల మధ్య ఆడవారు 11, మగవారు 12 కన్నా తక్కువ చేస్తే వయసుకు తగ్గ బలం లేనట్టు, పడే ప్రమాదం ఎక్కువున్నట్టు. 80 నుంచి 84 మధ్యవారికి ఆ హద్దు ఆడవారికి 9, మగవారికి 10. మూడు నెలలకోసారి కొలిచి ఎవరి పుస్తకంలో వారిదే రాసి ఇవ్వాలి. దయచేసి గోడ మీద పట్టిక వేయకండి. కిందనున్న పేరు మళ్లీ కనిపించదు.

నిలకడ సాధనకు ఇంత వివరం అక్కర్లేదు. బరువైన కుర్చీ వీపు వెనకో, నడుమెత్తు గట్టు దగ్గరో నిలబడాలి. పాదాలు పక్కపక్కన చేర్చి పది సెకన్లు, తర్వాత ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి పది, ఆ తర్వాత ముందున్న పాదం మడమకు వెనక పాదం వేళ్లు తగిలేలా ఒకే గీత మీద పది, చివరికి ఒంటి కాలి మీద. ఒకే గీత మీద పది సెకన్లు నిలవలేనివారు పడే ప్రమాదం ఉన్నవారు. వారిని ఆ మెట్టు దగ్గరే ఉంచి, పక్కనే ఒక మనిషి నిలబడి చేయించాలి. గట్టును ఒక వేలితో తాకుతూ చేయవచ్చు, గుప్పిట బిగించి పట్టుకుంటే మాత్రం సాధన కాదు. నున్నటి నేల మీద సాక్సులతో చేయించకండి. కళ్లు మూయించడం చాలా తర్వాతి సంగతి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రూపొందిన వ్యాయామ క్రమం ఇలాంటి కాళ్ల బలం, నిలకడ సాధనలనే ఇంట్లో వారానికి మూడు సార్లు చేయించింది. దానివల్ల పడిపోవడాలు సుమారు మూడో వంతు తగ్గాయి. ఖరీదైన యంత్రం ఏదీ లేదు, చీలమండకు కట్టుకునే బరువులు తప్ప.

తరగతి పెట్టే వేళ గురించి ఒక మాట. భోజనం కాగానే పెట్టకండి, పెద్దవయసులో తిన్న తర్వాత బీపీ పడిపోవడం మామూలే. తెల్లవారుజామున కూడా కొందరికి ఒళ్లు బిగుసుకుని ఉంటుంది. ఉదయం పదికి అటూ ఇటూ చాలామందికి నప్పుతుంది. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు వాడేవారు కూర్చుని లేవగానే కళ్లు తిరిగాయంటే పట్టించుకోవాలి. లేచిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 పాయింట్లు తగ్గితే అది డాక్టరుకు చెప్పాల్సిన విషయం. అలాంటివారు లేవకముందు కూర్చునే మడమలు ఓ ఇరవై సార్లు ఎత్తి దించి, లేచాక నిమిషం పాటు ఆనుకుని నిలబడాలి. ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు వాడేవారు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే తియ్యటి పానీయమో గ్లూకోజో ఇవ్వాలి. అది గదిలో ఎక్కడుందో అందరికీ తెలిసి ఉండాలి, బీరువాలో పెట్టి తాళం వేస్తే లేనట్టే. ఛాతీలో బరువు, అసాధారణమైన ఆయాసం వస్తే "కాసేపు కూర్చోండి, తగ్గుతుంది" అనకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కాళ్ల తర్వాత చెవులు. పెద్దలు రావడం మానేయడానికి ఎవరూ అనుకోని కారణం ఇదే. గోష్ఠుల్లో ఒకాయన ప్రతి మాటకూ నవ్వుతూ తల ఊపుతుంటారు. ఏదైనా అడిగితే సంబంధం లేని జవాబు చెబుతారు, పక్కవాళ్లు మొహాలు చూసుకుంటారు. రెండు వారాలకు ఆయన కుర్చీ ఖాళీ. 'మతిమరుపు వస్తున్నట్టుంది' అని గుసగుస. ఆయనకు వినపడలేదు, అంతే. ఆ వినపడకపోవడమే మనుషుల నుంచి దూరం చేస్తుంది, ఆ దూరం మెదడును దెబ్బతీస్తుంది. మతిమరుపు వ్యాధి మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాలను గుర్తించింది. వాటిని సరిదిద్దితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని చెప్పింది. వినికిడి లోపం, ఒంటరితనం, కదలకపోవడం మూడూ ఆ జాబితాలో ఉన్నాయి.

గదిని చెవికి అనుకూలం చేయడం పెద్ద ఖర్చు కాదు. టీవీ కట్టేయాలి. గడగడలాడే ఫ్యాను బాగు చేయించాలి. ఉత్త గోడలు, టైల్స్ ఉన్న హాల్లో మాట ప్రతిధ్వనించి ముద్దయిపోతుంది, మందపాటి పరదాలు, కింద చాపలు వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. చాపల అంచులు మాత్రం నేలకు అంటించండి, లేకపోతే కాళ్లకు తగులుతాయి. ముప్ఫై మందిని వరుసల్లో కూర్చోబెట్టే బదులు ఐదారుగురిని ఒక గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోబెడితే ఒకరి మొహం ఒకరికి కనిపిస్తుంది. మాట్లాడేవారి మొహం మీద వెలుగు పడాలి. కిటికీకి వీపు పెట్టి మాట్లాడితే పెదవులు చీకట్లో ఉంటాయి. అరవకూడదు, అరిస్తే మాట ఆకారం చెడుతుంది. గొంతులో కీచుదనం తగ్గించి, నిదానంగా చెప్పాలి. ఒకసారి అర్థం కాకపోతే అదే వాక్యాన్ని మళ్లీ చెప్పకుండా మాటలు మార్చి చెప్పాలి. వినికిడి యంత్రం కొన్నవారు వారంలోనే డ్రాయరులో పడేయడం మామూలు. మొదట్లో గిన్నెల చప్పుడు కూడా పిడుగులా వినిపిస్తుంది, అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. రోజుకు గంట, రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకోవాలి. పనిచేయడం లేదంటే ముందు బ్యాటరీ, తర్వాత గొట్టంలో గుమిలి చూడాలి.

కాళ్లు, చెవులు సర్దినా మనిషి రావడానికి ఒక కారణం కావాలి. ఆ కారణం పని. నేను వెళ్లకపోతే అక్కడ ఏదో ఆగిపోతుందన్న భావన. ఆస్ట్రేలియాలో 1990లలో మొదలైన 'మెన్స్ షెడ్' అనే పద్ధతి దీన్నే పట్టుకుంది. మగవారిని గుండ్రంగా కూర్చోబెట్టి మనసులో మాట చెప్పమంటే చెప్పరు. చేతిలో రంపమో స్క్రూడ్రైవరో పెట్టి విరిగిన కుర్చీ బాగుచేయమంటే, పక్కన నిలబడి పని చేస్తున్నవాడితో అన్నీ చెబుతారు. 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పెద్దల కోసం 'మూడో వయసు విశ్వవిద్యాలయం' మొదలైంది. 1980లలో బ్రిటన్ వారు దాన్ని మార్చుకుని, ఆచార్యులను పిలవడం మానేసి సభ్యులే ఒకరికొకరు పాఠం చెప్పుకునేలా చేశారు. లెక్కలు తెలిసినామె లెక్కలు, మోటార్లు తెలిసినాయన మోటార్లు. మా దృష్టిలో ఈ మార్పే గొప్పది.

పని అంటే పేరుకు ఇచ్చే పదవి కాదు. తాళంచెవి ఒకరి దగ్గర, హాజరు పుస్తకం మరొకరి దగ్గర ఉండాలి. వరుసగా రెండుసార్లు రానివారికి ఫోన్ చేసే బాధ్యత ఇంకొకరిది. ఈ మూడోది అన్నింటికన్నా విలువైనది. ఎందుకంటే రాకపోవడానికి కారణం చాలాసార్లు చెప్పుకోలేనిది. బాత్రూములో జారిపడి ఉంటారు, దెబ్బ తగలకపోయినా భయం పట్టుకుంటుంది. లేదా భర్తో భార్యో పోయి ఉంటారు. అలాంటప్పుడు "ఎందుకు రావడం లేదు?" అని అడగడం కన్నా "రేపు పదింటికి నేను మీ ఇంటి మీదుగానే వస్తాను, కలిసి వెళ్దాం" అనడం పనిచేస్తుంది. కొత్తవారిని తెచ్చేది కూడా కరపత్రం కాదు, ఇలా వెంట వచ్చే మనిషే.

పిల్లలకు చదివించడం, లెక్కలు చెప్పడం పెద్దలకు బాగా నప్పే పని. అయితే ఒకేసారి ముప్ఫై మంది పిల్లలను ముందు కూర్చోబెడితే గంటలో అలసిపోతారు. ఒక పెద్దకు ఒకరిద్దరు పిల్లలు, వారానికి ఒక గంట, ఏడాదంతా వాళ్లే ఉండాలి. పేర్లు గుర్తుండి, ఇంటి సంగతులు తెలిసి బంధం కుదరడానికి ఆ మాత్రం కాలం కావాలి. పిల్లలతో ఒంటరిగా గది తలుపు వేసుకుని ఉండకుండా అందరూ కనిపించే హాల్లోనే జరపడం ఇద్దరికీ క్షేమం.

ఇక్కడ మన గౌరవమే అడ్డం వస్తుంది. పెద్దాయన కుర్చీ జరపబోతే కుర్రాడు పరుగున వచ్చి "మీకెందుకండీ" అని లాక్కుంటాడు. టీ కప్పులు సర్దుతున్న పెద్దావిడ చేతిలోంచి ట్రే తీసుకుంటారు. ప్రేమతోనే చేస్తారు, కానీ అలా పదిసార్లు జరిగితే ఆ చేతులకు పని పోతుంది, పనితోపాటు బలమూ పోతుంది. ఆలస్యమైనా చేయనివ్వండి. సాయం కావాలా అని అడిగి, కావాలంటేనే చేయండి.

ఫోను నేర్పేటప్పుడు కూడా ఇదే సూత్రం. మనవడు ఫోను లాక్కుని నాలుగు నొక్కులు నొక్కి "అంతే, అయిపోయింది" అంటే ఎవరికీ ఏమీ రాదు. ఫోను పెద్దవారి చేతిలోనే ఉండాలి, నేర్పేవారు చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఒక రోజుకు ఒక్క పని మాత్రమే. ముందు అక్షరాల సైజు పెంచడం, మరుసటి వారం వీడియో కాల్. మెట్లన్నీ వారే తమ చేతిరాతతో పుస్తకంలో రాసుకోవాలి. డబ్బు చెల్లింపులు నేర్పే ముందే, బ్యాంకు పేరుతో ఎవరు ఎంత తొందరపెట్టినా ఓటీపీ చెప్పకూడదని, ఫోను పెట్టేసి మనమే బ్యాంకుకు చేయాలని నటించి చూపించి సాధన చేయించాలి. మోసగాళ్ల ఆయుధం తొందరపెట్టడమే, పెట్టేయడం అలవాటైతే సగం గండం గడిచినట్టు.

హాలు కట్టించాలనుకునే దాతలు, సంఘాలవారు పాలరాయికి, ఆర్చీకి డబ్బు పెట్టేముందు మరుగుదొడ్డి చూడండి. అది దగ్గర్లో, గడప లేకుండా, గోడకు పట్టుకునే కడ్డీతో, ఎత్తు సరిపడా సీటుతో లేకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా పెద్దలు గంటకు మించి ఉండరు. కొందరు దానికి భయపడి ఉదయం నుంచి నీళ్లే తాగకుండా వస్తారు, అదే కళ్లు తిరగడానికి కారణమవుతుంది.

మీ పత్రికకు మా విన్నపం ఒకటి. ప్రతి ఆదివారం ఒక వ్యాయామం చొప్పున, సరైన తీరు, తప్పు తీరు పక్కపక్కన బొమ్మలతో ప్రచురించండి. అక్షరాలు మామూలు కన్నా పెద్దవిగా, నల్లగా ఉండాలి. బూడిదరంగు మీద తెల్లటి అక్షరాలు వద్దు. వెనక వైపు ముఖ్యమైన వార్త లేకుండా చూడండి, కత్తిరించి గోడకు అంటించుకుంటారు. మొదటి వారం కుర్చీలోంచి లేవడంతోనే మొదలుపెట్టండి.

భవదీయులు,
పెద్దల వ్యాయామ తరగతుల నిర్వాహక బృందం